చాలా రోజులు ఆపిన ఎడ్జ్ పాలిషింగ్ మిషన్‌ని మళ్లీ ఆన్ చేసే ముందు

పని లేక మూడు నాలుగు వారాలు ఆపేసిన, రాతి స్లాబుల అంచుల్ని నునుపు చేసే ఆటోమేటిక్ ఎడ్జ్ పాలిషింగ్ మిషన్‌ని, ఆర్డర్లు మీద పడగానే ఒక్క స్విచ్ నొక్కి స్లాబ్ ఎక్కించేస్తుంటారు. రోజూ నడిచే మిషన్ కన్నా ఇలా ఆగి లేచిన మిషన్ అంటేనే నాకు టెన్షన్. ఎక్కడ ఏది పట్టేసిందో, ఏది ఎండిపోయిందో బయటికి కనిపించదు. అందుకే మొదటి సగం పూట పాలిష్‌కి కాదు, చెకింగ్‌కి అనుకోండి.

ముందు బురద సంగతి. ట్రేలోను, బెల్టు అంచుల్లోను, గార్డుల వెనకాల ఎండి పెచ్చులు కట్టిన రాతి బురద ఉంటుంది కదా, తడిగా ఉన్నంతసేపు దానితో పెద్ద ఇబ్బంది లేదు, ఎండాక మాత్రం అది కంటికి కనబడనంత సన్నటి సిలికా దుమ్ము. గ్రానైట్‌లో మామూలుగా 20 శాతానికి పైనే క్వార్ట్జ్ (అంటే సిలికానే) ఉంటుంది, ఫ్యాక్టరీలో చేసే క్వార్ట్జ్ స్లాబుల్లో అయితే సిలికా 90 శాతం దాకా ఉండొచ్చు. ఈ దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్, అది వచ్చాక తగ్గించే మందు లేదు. ఆ ఫ్యాక్టరీ స్లాబుల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది అంటే విషయం ఎంత ముదిరిందో చూడండి. కాబట్టి పొడి చీపురు వద్దు, గాలి గన్‌తో ఊదడం అసలే వద్దు (అందరూ చేసేది ఇదే, రెండు నిమిషాల్లో శుభ్రం అయిపోతుందని). బాగా తడిపి, నానాక గీకి ఎత్తండి. ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు ఈ దుమ్మును ఆపలేదు, ఎన్95 లేదా అంతకన్నా మంచి మాస్క్ కావాలి, అదీ ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరిపోతుంది.

తర్వాత నీళ్లు. పంపు తిరుగుతోంది కదా అని వదిలేయకండి. ఒక్కో హెడ్ (పాలిష్ బిళ్ల బిగించి ఉండే భాగం) దగ్గర నిలబడి, స్పిండిల్ (బిళ్లని తిప్పే ఇరుసు) తిప్పకుండా నీళ్లు మాత్రమే వదిలి, ధార అన్నిట్లో సమానంగా వస్తోందా చూడండి. ఎండిన బురద ఒక్క నాజిల్‌ని మూసేసినా చాలు, ఆ హెడ్ పొడిగా రుద్దుతుంది, దుమ్ము లేస్తుంది, క్వార్ట్జ్ స్లాబ్ అయితే అందులో రాతి పొడిని అతికించి ఉంచే రెసిన్ కాలి అంచు మీద మచ్చ పడుతుంది.

ఇన్ని నీళ్లున్న చోట కరెంటు కూడా ఉందని గుర్తుంచుకోండి. ఎర్తింగ్ చూడండి, లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ మీద టెస్ట్ బటన్ నొక్కి అది నిజంగా పడుతోందా చూడండి. ప్యానెల్ తలుపు తెరిచి చెమ్మ ఉందేమో, ఎలకలు వైర్లు కొరికాయేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆగిన మిషన్‌లో ఎలకలు కాపురం పెట్టడం కొత్తేం కాదు.

హెడ్‌ని ముందుకి వెనక్కి కదిపే గాలి ప్రెషర్ విషయానికొస్తే, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదిలేసి, కంపెనీ పుస్తకంలో రాసిన ప్రెషర్ ఉందో లేదో చూడండి. ప్రెషర్ తగ్గినా, స్లాబ్‌ని పసిగట్టే సెన్సర్ మీద మట్టి పట్టినా, హెడ్ సరైన సమయానికి వెనక్కి రాదు. ఒకసారి మా దగ్గర స్లాబ్ చివర దాటాక కూడా హెడ్ నొక్కుతూనే ఉంది, స్లాబ్ మూల ముక్క విరిగి ఎగిరి గార్డుకి తగిలింది. ఆ రోజు గార్డు తీసేసి ఉంటే అది నా మోకాలికి తగిలేది.

అసలు ప్రమాదం చేతులతోనే. మిషన్ ఆటోమేటిక్ అయినా బిళ్లలు మార్చేది, ఇరుక్కున్న ముక్క తీసేది మనమే. మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి, పక్కవాడి దగ్గర కాదు. గాలి లైన్ కూడా మూసి, లోపల మిగిలిన ప్రెషర్ వదిలేయాలి, ఎందుకంటే కరెంటు ఆపినా ఆ గాలితో హెడ్ కదలొచ్చు. స్విచ్ ఆపగానే స్పిండిల్ ఆగదు, పూర్తిగా నిలిచేదాకా ఆగండి. తిరిగే మిషన్ దగ్గర వదులు గుడ్డ గ్లోవ్స్, మెడలో తువ్వాలు వద్దు. ఎర్ర ఎమర్జెన్సీ బటన్లు ఎన్ని ఉంటే అన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి.

స్లాబ్ ఎక్కించేటప్పుడు బరువు లెక్క మనసులో పెట్టుకోండి. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ దాదాపు 290 కిలోలు. అది ఒరిగితే పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, పట్టుకోబోకండి, పక్కకి తప్పుకోండి. సపోర్టు రోలర్లు బెల్టుతో సమానమైన ఎత్తులో ఉన్నాయా చూసుకోండి, తేడా ఉంటే పగులు ఉన్న స్లాబ్ సగంలో విరుగుతుంది.

ఇవన్నీ అయ్యాకే ఒక పనికిరాని ముక్కని నెమ్మది స్పీడ్‌లో పంపండి. బిళ్లలు గరుకు నుంచి నునుపుకి వరసగానే ఉన్నాయా, ఏ మోటార్ అయినా మిగతావాటి కన్నా ఎక్కువ కరెంటు లాగుతోందా ఆ ముక్కతోనే తెలిసిపోతుంది. సాయంత్రం ఆపే ముందు, బురద ఇంకా తడిగా ఉన్నప్పుడే, ఒక పావుగంట నీళ్లతో మొత్తం కడిగేయండి.