అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) నుంచి కోలుకుంటున్న పిల్లకు ఇంట్లో అన్నం తినిపించడం ఎలా?

ముందు డాక్టరు. తిండి మానేసి బాగా చిక్కిపోయిన పిల్లకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రక్తపరీక్షలు, ఈసీజీ చేయించి, ఎంతతో మొదలుపెట్టి ఎలా పెంచాలో రాయించుకోండి. నాడి నిమిషానికి 50 లోపు ఉన్నా, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నా, నీళ్ళు కూడా ముట్టకపోయినా ఇంట్లో ప్రయత్నాలు వద్దు. నేరుగా ఆసుపత్రికే.

బరువు తూచే మిషన్ ఇంట్లోంచి తీసేయండి. బరువు వారానికోసారి క్లినిక్‌లో చూస్తారు, అది చాలు. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్ళు. మూడు గంటలకు మించి ఎడం వద్దు. వంటా మీదే, వడ్డనా మీదే. ఎంత తినాలో పిల్లను అడగకండి.

కాస్త తినగానే పొట్ట బిగిసిపోతుంది కాబట్టి, కొంచెంలోనే ఎక్కువ బలం ఉండాలి. పప్పన్నంలో రెండు చెంచాల నెయ్యి, మీగడ పెరుగు, సున్నుండ, పల్లీ చిక్కి. ఆరోగ్యం పేరుతో కీరా ముక్కలు, పల్చటి జావ పెట్టి ఉన్న కాస్త చోటూ నింపేయకండి.

ఇక అసలు కష్టం కంచం ముందు. పిల్ల చెయ్యి పెట్టదు. ఏడుస్తుంది, అరుస్తుంది, నెయ్యి ఎందుకు వేశావని నిలదీస్తుంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ పని చెడేది ఇక్కడే, ఎందుకంటే పెద్దవాళ్ళు వాదనకు దిగుతారు. ఇందులో ఎన్ని కేలరీలున్నాయన్న ప్రశ్నకు జవాబు చెప్పారంటే బేరం మొదలైనట్టే. నెయ్యి తీసేస్తే తింటానంటుంది, మీరు తీసేస్తారు, రేపు అన్నం సగం చేయమంటుంది. జబ్బు అడిగే బేరానికి అంతు ఉండదు. ఒక్కటే మాట పట్టుకోండి: "కష్టంగా ఉందని తెలుసు నాన్నా. నేనిక్కడే ఉన్నాను. ఈ ముద్ద తిను." గొంతు పెంచకుండా, అదే మాట, అరగంటలో ఇరవైసార్లైనా సరే. మధ్యలో కాలేజీ సంగతో క్రికెట్టో మాట్లాడండి కానీ తిండి గురించి మాత్రం వద్దు. "నా మీద ఒట్టు", "నీ వల్లే నాన్నకు బీపీ" అసలే వద్దు. తినలేకపోవడం మొండితనం కాదు, భయం. సిగ్గుపడేలా చేస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది.

ఇంకో పొరపాటు, పెద్దలు తలో మాట చెప్పడం. అమ్మ కూర్చోబెడితే, "పోనీలే, వదిలెయ్" అని నాన్న లేపేస్తాడు. నాయనమ్మ జాలిపడి కంచం తీసేస్తుంది. భోజనానికి ముందే అందరూ మాట కలుపుకోండి.

"ఆకలేస్తే తనే తింటుంది, ముందు మనసు కుదుటపడనీ" అనే సలహా తరచూ వింటారు. అది తలకిందుల పద్ధతి. అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూశారు. చిరాకు, దిగులు, ఇరవైనాలుగు గంటలూ తిండి ధ్యాస వాళ్ళనూ పట్టుకున్నాయి. పస్తే మనసును అలా చేస్తుంది. అందుకే లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స కూడా తిండి బాధ్యతను మొదట తల్లిదండ్రుల చేతికే ఇస్తుంది.

భోజనానికి నలభై నిమిషాలు. ఇంకా మిగిలితే అంత బలానికి సరిపడా బూస్ట్ కలిపిన పాలు ఇవ్వండి. అదీ వద్దంటే శిక్ష వేయకండి, తర్వాతి చిరుతిండి వేళకే పెట్టండి. వరుసగా భోజనాలు తప్పుతుంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. తిన్నాక గంటసేపు పక్కనే ఉండి అష్టాచెమ్మా ఆడండి, సినిమా చూడండి. తిన్నది కక్కేయకుండా, నడిచి కరిగించుకోకుండా ఆ గంటలో బాత్రూమ్‌కీ, మేడ మెట్ల మీద నడకలకీ ఒంటరిగా పంపకండి.

కోలుకునేదాకా ఉపవాసాలు లేవు, కార్తీక సోమవారమైనా, శివరాత్రైనా. చుట్టాలకు ముందే ఫోన్ చేసి చెప్పండి: ఒంటి గురించి ఒక్క మాటా అనొద్దని. "బుగ్గలొచ్చాయే!" అని పిన్ని ముచ్చటపడితే, ఆ రాత్రి కంచం కదలదు.

మీ ఓపిక అయిపోతే రెండో మనిషిని కూర్చోబెట్టి బయటికి వెళ్ళండి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.