సీపాప్ మిషన్‌తో నిద్ర పట్టడం లేదా? డెల్టా ఇళ్లలో వచ్చే తేడాలు, వాటి విరుగుడు

నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండేవాళ్లకి మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపే మిషన్ సీపాప్. అటకెక్కించిన సీపాప్‌ని కిందికి దింపి ప్లగ్గు పెడితే, ఎక్కువసార్లు అది శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. తేడా వచ్చేది మాస్కు దగ్గరో, నీళ్ల దగ్గరో, గది గాలి దగ్గరో. మిషన్‌తో పాటు ఇచ్చే చిన్న పుస్తకం చలిదేశపు పడకగదిని మనసులో పెట్టుకుని రాసింది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, దోమతెర ఉండదు, కరెంటు పోదు. అమలాపురంలోనో, పాలకొల్లులోనో, ఏటిగట్టు అవతల లంకలోనో ఆ లెక్క నప్పదు.

ఏ ఇబ్బంది వచ్చినా ముందు లీకు చూడండి, తరవాత చెమ్మ, అంటే మిషన్‌లోని నీళ్ల డబ్బా గాలికిచ్చే తేమ. ఆ రెండూ కుదిరాకే ప్రెషర్ మాట. ప్రెషర్ అంటే డాక్టరు గారు రాసిచ్చిన మందు మోతాదు లాంటిదే. మెనూలోకి దూరి సొంతంగా మార్చుకోకండి.

మాస్కు పెట్టగానే ఊపిరాడనట్టు ఉంటోంది

ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటికీ విరుగుడు వేరు.

గాలి చాలడం లేదనిపిస్తే కారణం ర్యాంప్. మిషన్ తక్కువ ప్రెషర్‌తో మొదలై, మెల్లగా మీకు రాసిన అంకెకి ఎక్కుతుంది. మామూలుగా 4 దగ్గర మొదలెడతారు. సీపాప్‌లు ఇచ్చేది 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి కాబట్టి 4 అంటే అట్టడుగు. కాస్త ఒళ్లున్న మనిషికి అది గుక్క తిప్పుకోనివ్వదు. మొదలు 6కో 7కో పెట్టవచ్చేమో డాక్టరు గారిని అడగండి. విచిత్రంగా ఉంటుంది గానీ, ప్రెషర్ కాస్త పెంచితేనే ఊపిరి తేలికవుతుంది.

గాలి మీదపడుతున్నట్టు ఉండి, వదలడమే కష్టమైతే అది ఇంకో రకం. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ని 1 నుంచి 3 దాకా తగ్గించే సదుపాయం చాలా మిషన్లలో ఉంటుంది. దాన్ని ఆన్ చేశారో లేదో కనుక్కోండి.

రెండూ కాక ఉత్త భయమే అయితే సాధన పగటిపూట చెయ్యాలి. మొదటి రోజు పట్టీలు బిగించకుండా, మిషన్ ఆన్ చేసి మాస్కుని చేత్తో ముఖానికి ఆనించుకుని 5 నిమిషాలు ఊపిరి పీల్చండి. మర్నాడు పట్టీలు పెట్టుకుని కూర్చుని టీవీ చూస్తూ 20 నిమిషాలు. మూడో రోజు 40. నాలుగో రోజు మధ్యాహ్నం భోంచేశాక కునుకు దానితోనే. ఎక్కడ కంగారు పుడితే అంతకు ముందు రోజు మెట్టుకి వెనక్కి వెళ్లండి.

నిద్రలో కరెంటు పోతే ఊపిరాగిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరు. నోరూ ముక్కూ కప్పే మాస్కులో ఒక చిన్న రెక్క ఉంటుంది. గాలి ఆగగానే అది తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదులుతుంది. ముక్కు మాస్కయితే నోరు ఎటూ ఖాళీయే. మెలకువగా ఉన్నప్పుడు మాస్కు పెట్టుకునే ఇంట్లోవాళ్ల చేత స్విచ్చి ఆపించి చూసుకోండి. ఒక్కసారి చూశాక భయం సగం తగ్గుతుంది.

తెల్లారేసరికి కళ్లు ఎర్రగా, ముక్కు దూలం మీద గాటు

కళ్లలోకి గాలి కొడుతోందంటే పైన లీకు ఉన్నట్టు. గాటు పడిందంటే ఆ లీకుని ఆపడానికి మీరు పట్టీలు లాగి బిగించినట్టు. రెండూ ఒకే తప్పుకి రెండు గుర్తులు. కుషన్ పలచటి సిలికాన్ రెక్క. గాలికి ఉబ్బి ముఖానికి ఆనుకుంటేనే అది పట్టు ఇస్తుంది. బిగిస్తే నలిగి ముడత పడుతుంది, ముడతలోంచి మళ్లీ గాలి. బిగించే కొద్దీ లీకు పెరిగేది ఇందుకే.

సరిచేసేది కూర్చుని కాదు, పడుకుని. మిషన్‌లో మాస్క్ ఫిట్ అనే సదుపాయం ఉంటే నొక్కండి, అసలు ప్రెషర్ వస్తుంది. మీ తలగడ మీద, మీరు పడుకునే పక్కకే తిరిగి పడుకోండి. పట్టీలన్నీ వదులు చేసి, మాస్కుని రెండు వేళ్లతో ముఖం నుంచి అంగుళం ముందుకి లాగి మెల్లగా వదిలేయండి. కుషన్ ఉబ్బి తనంతట తనే కూర్చుంటుంది. అప్పుడు కింది పట్టీలు రెండువైపులా సమానంగా, తరవాత పైవి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

అయినా జారుతోందంటే నూనె. రాత్రి తలకి కొబ్బరినూనె పట్టించి పడుకోవడం మన దగ్గర మామూలే. అది నుదుటి మీదికి దిగి సిలికాన్‌ని జారుస్తుంది, కుషన్‌ని త్వరగా మెత్తబెడుతుంది. నూనె పొద్దున్న రాసుకోండి. రాత్రి సబ్బుతో ముఖం కడిగి, తుడుచుకుని, క్రీమూ పౌడరూ లేకుండా మాస్కు పెట్టుకోండి. కుషన్‌ని రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. ఒత్తయిన మీసం ఉంటే కుషన్ కింద అంచు ఎప్పుడూ కుదరదు. మీసం తీయనక్కర్లేదు, ముక్కు రంధ్రాల దగ్గర ఆనే పిల్లో మాస్కు అడగండి.

ఒక హెచ్చరిక. మాస్కు ముందుభాగంలో చిన్న చిన్న కన్నాల్లోంచి వచ్చే గాలి లీకు కాదు. మీరు వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అది. చప్పుడొస్తోందని దాని మీద ప్లాస్టర్ అంటించారో, విడిచిన గాలినే మళ్లీ పీలుస్తారు.

పట్టీల క్లిప్పుల్లో అయస్కాంతం ఉన్న మాస్కులు కూడా వస్తున్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మెదడు రక్తనాళానికి క్లిప్పు వేయించుకున్నవాళ్లు వాటికి దూరంగా ఉండాలి. మంచం మీద పక్కన పడుకునేవాళ్లకి అలాంటివి ఉన్నా సరే, ముందే చెప్పి వేరే రకం తీసుకోండి.

పైపులో గుడగుడ, ముఖం మీద నీళ్ల చుక్కలు

డెల్టాలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. నీళ్ల డబ్బాలో వేడెక్కిన గాలి ఆవిరి నింపుకుని పైపులోకి వస్తుంది. పైపు చల్లగా ఉంటే, చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, పైపు లోపల నీరు కడుతుంది.

ఈ లెక్క చూడండి. ఆగస్టులో కిటికీలు తెరిచి ఫ్యాను కింద పడుకునే గదిలో 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉంటే, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 26 గ్రాముల నీరు ఉంటుంది. అదే గదిలో ఏసీ 24కి పెట్టి తేమ 50 శాతానికి దిగితే 11 గ్రాములే. ఒకే ఇల్లు, ఒకే మనిషి, గాలిలో నీరు మాత్రం సగానికి తక్కువ. అందుకే ఒకే హ్యూమిడిటీ అంకెతో ఏడాదంతా గడవదు.

ఏసీ లేని రాత్రుల్లో చెమ్మకి 8 మెట్లున్న మిషన్‌ని 1 లేదా 2 మీద పెట్టండి. ముక్కు ఎండకపోతే పూర్తిగా ఆపినా తప్పు లేదు. ఏసీ వేసే రాత్రుల్లో 4వ మెట్టుతో మొదలుపెట్టి, వేడి పైపు ఉంటే దాన్ని 27 డిగ్రీలకి పెట్టండి. గుడగుడ వస్తే చెమ్మ ఒక మెట్టు తగ్గించండి, లేదా పైపు వేడి ఒక డిగ్రీ పెంచండి. రెండూ ఒకే రాత్రి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. మామూలు పైపయితే పాత నూలు చీర ముక్కతో గొట్టంలా తొడుగు కుట్టి వేస్తే చాలు. ఏసీ గాలి నేరుగా పైపు మీద కొట్టకూడదు.

మిషన్‌ని పరుపు కంటే ఒక జానెడు కిందుగా బల్ల మీద పెట్టండి, కట్టిన నీరు ముఖం వైపు కాక వెనక్కి జారుతుంది. నేల మీద మాత్రం వద్దు, దుమ్మంతా పీలుస్తుంది. దోమతెర కట్టుకుంటే మిషన్ బయట, పైపు తలవైపు నుంచి లోపలికి. తెర వాలి వెనక గాలి పీల్చే కిటికీని మూసేయకుండా చూసుకోండి. దోమల చుట్ట ఆ పక్కన వెలిగించారంటే ఆ పొగంతా ఫిల్టర్ దాటి మీ ముక్కులోకే. పేపరు ఫిల్టర్ నెలకోసారి మార్చాలంటారు గానీ, సార్వా నూర్పిళ్లప్పుడు, గడ్డి తగలబెట్టే రోజుల్లో, రైస్‌మిల్లు దగ్గరి ఇళ్లలో పదిహేను రోజులకే నల్లబడుతుంది. దాన్ని కడగకూడదు, పారేసి కొత్తది పెట్టాలి.

నోరు పిడచకట్టుకుపోతోంది

ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిచి పడుకుంటే గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. చెమ్మ పెంచితే కొంత నయం, కానీ అసలు విషయం ముక్కు దిబ్బడ. పడుకునే ముందు ఉప్పునీటి చుక్కలో, కాచి చల్లార్చిన నీటితో కలిపిన సెలైన్‌తో ముక్కు కడుక్కోవడమో చేసి చూడండి. అలెర్జీ అయితే ముక్కులో కొట్టే మందు డాక్టరు రాస్తారు. ముక్కు తెరుచుకున్నా నోరు మూత పడకపోతే గడ్డం పట్టీ, అదీ కుదరకపోతే నోరూ ముక్కూ కప్పే పెద్ద మాస్కు. నోటికి టేపు వేసుకోవడం ఎవరో చెప్పారని చేయకండి, ముక్కు మూసుకుపోయినా వాంతి వచ్చినా ప్రమాదం.

నీళ్ల డబ్బా అడుగున తెల్లపొర, వాసన

బోరు నీళ్లు పోస్తే, అందులోనూ సముద్రం దగ్గర ఊళ్లలో, వారానికే తెల్లగా పేరుకుంటుంది. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. అది దొరకని రోజు ప్లాంటు క్యాను నీళ్లు కాచి చల్లార్చి పోయవచ్చు, అలవాటు చేసుకోకండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లు ఊపిరికి తయారుచేసినవి కావు. రోజూ పాత నీళ్లు పారబోసి కొత్తవి, గీత దాకానే. తెల్లపొరకి ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు నానబెట్టి బాగా కడగండి. నల్లమచ్చలు పడితే బూజు, డబ్బా మార్చేయాల్సిందే.

నీలగిరి తైలం, జలుబు బామ్, కర్పూరం డబ్బాలో వేయకండి. ప్లాస్టిక్ పాడవుతుంది, రాత్రంతా ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ముసురు పట్టిన రోజుల్లో కడిగిన పైపు ఆరదు. నీళ్ల డబ్బా ఖాళీ చేసి, మాస్కు తీసి, పైపుతో మిషన్‌ని 15 నిమిషాలు నడపండి, ఆరిపోతుంది. పగలు పైపుని కొక్కేనికి వేలాడదీయండి. నేలమీద వదిలేస్తే చీమలు, బొద్దింకలు చేరతాయి.

కరెంటు పోతోంది

అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే స్టెబిలైజర్ అవసరం లేదు, లో వోల్టేజీని అది తట్టుకుంటుంది. ఇన్వర్టర్ సైన్‌వేవ్ రకం అయితే మంచిది. కరెంటు పోయిన ప్రతిసారీ మిషన్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, మార్పు త్వరగా జరుగుతుంది. వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్లో మాత్రం ఆ మోడ్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి వెళ్లి దాన్ని అరగదీస్తుంది.

ఎంతసేపు వస్తుందో మీరే లెక్కకట్టుకోవచ్చు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను సగం, 900 అనుకోండి. నీళ్ల వేడి ఆపేస్తే మిషన్‌కి సుమారు 30 వాట్లు, 8 గంటలకి 240. పాతరకం ఫ్యాను 75 వాట్లు, 8 గంటలకి 600. మొత్తం 840, ఇరుగ్గా సరిపోతుంది. నీళ్ల వేడి, పైపు వేడి వేశారో తెల్లవారుజామునే చీకటి. తుపాను హెచ్చరిక వస్తే హ్యూమిడిటీ ముందే ఆపేయండి. వరదలప్పుడు ఇల్లు కదలాల్సి వస్తే డబ్బాలో నీళ్లు పారబోశాకే మిషన్‌ని సంచిలో పెట్టండి, నీళ్లు మోటారులోకి పోతే ఇక అంతే.

పొట్ట ఉబ్బరం, తేన్పులు

గాలి మింగుతున్నారు. రాత్రి భోజనం పడకకి మూడు గంటల ముందు ముగించండి, పెళ్లి భోజనం తిన్న రాత్రి ఇది ఖాయం. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుక పెట్టి ఎత్తు చేయండి, ఎడమపక్కకి పడుకోండి. వారంలో తగ్గకపోతే ప్రెషర్ తగ్గించవచ్చేమో డాక్టరు గారు చూస్తారు.

తెలియకుండానే తీసేస్తున్నారు, పగటి నిద్రమత్తు వదలడం లేదు

పొద్దున్న మాస్కు తలగడ పక్కన పడి ఉంటే ముందు లీకే అనుకోండి, గాలి బుసకి చెయ్యి దానంతట అదే లేస్తుంది. మెలకువ వచ్చినప్పుడల్లా మళ్లీ పెట్టుకోండి, మిగిలిన రెండు గంటలూ లెక్కే.

తెరమీద ఏహెచ్ఐ అంకె చూడండి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె అది, 5 లోపు ఉండాలి. 5 లోపే ఉండి కూడా పగలు తూలుతుంటే వాడిన గంటలు చూడండి. రాత్రి నాలుగు గంటలే వాడితే మిగతా నిద్రంతా పాత నిద్రే. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండి పగలు పడుకునేవాళ్లు పగటి నిద్రకే మిషన్ పెట్టుకోవాలి, చెరువు గట్టున గుడిసెలో కునుకు తీసినా సరే. కల్లయినా మందయినా తాగిన రాత్రి గొంతు మరింత వదులవుతుంది, రాసిన ప్రెషర్ చాలకపోవచ్చు. గంటలూ సరిపోతే థైరాయిడ్, రక్తహీనత పరీక్ష చేయించమని అడగండి.

అంకె వరసగా వారం రోజులు 5 దాటుతుంటే, లేదా పదే పదే ముక్కులోంచి రక్తం, చెవినొప్పి వస్తుంటే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో నొప్పి అయితే వారం ఆగకండి, వెంటనే వెళ్లండి. వాడకం వివరాలు దాచే కార్డు ఉన్న మిషన్ అయితే కార్డుతో పాటు మాస్కునీ సంచిలో వేసుకోండి. కుషన్ ఎక్కడ ముడత పడిందో, ఏ పట్టీ సాగిందో చూడాలంటే వస్తువు ఎదురుగా ఉండాలి.