పాత పికప్‌కి పాత సామాను: ఏది తెచ్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

పాత బండి చూడ్డానికి వెళ్తే నా జేబులో చిన్న సుత్తి, అయస్కాంతం ముక్క, టార్చి లైటు ఉంటాయి. ఉద్యోగమంతా ఆర్టీసీ డిపో గ్యారేజీలోనే గడిచింది. రిటైరయ్యాక మా అల్లుడు గారి నర్సరీ కోసం 2006 మోడల్ బొలెరో పికప్ ఒకటి తీసుకుని, విజయవాడ ఆటోనగర్ పాత సామానుతో మళ్లీ నిలబెట్టాను. ఇప్పుడది కడియం నుంచి మొక్కల లోడు ఎత్తుతోంది. ఎలా చేయాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ఇంజిను పోయిన బండి కొనండి, ఫర్వాలేదు. గేరుబాక్సు పోయినా పర్లేదు. ఛాసిస్ (బండినంతా మోసే అడుగు ఇనుప చట్రం) పోయిన బండి మాత్రం ఉత్తపుణ్యానికి ఇచ్చినా వద్దు. మా గోదావరి జిల్లాల్లో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ బండి ఇంతకు ముందు ఏం మోసింది? చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టిలోంచి ఏళ్ల తరబడి ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. పైకి రంగు నిగనిగలాడుతుంది, ఛానల్ లోపల పొరలు పొరలుగా ఊడుతుంటుంది. బండి కిందికి దూరి వెనక కమాను కట్ట (కుదుపు ఆపే స్ప్రింగు పట్టీలు) వేలాడే షాకిల్ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ మౌంటింగుల దగ్గర, తొట్టి కూర్చునే క్రాసు మెంబర్ల దగ్గర సుత్తితో కొట్టుకుంటూ రండి. గట్టి ఇనుము టంగుమంటుంది. తుప్పు తిన్నది డబ్బుమని చప్పుడు చేసి ఊరుకుంటుంది. ఎక్కడైనా కొత్తగా తారు పూసి ఉంటే అక్కడ రెండు దెబ్బలు ఎక్కువ వేయండి. అమ్మేవాడి మొహం మాడితే మాడనివ్వండి.

ఛాసిస్ వంకర చూడ్డానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. సిమెంటు నేల మీద బండి నిలిపి, ఛాసిస్ మీద రెండు పక్కలా ఒకేలా ఉండే రంధ్రాల నుంచి తాపీమేస్త్రి గుండు వేలాడదీసి, నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. బండి పక్కకు తోసి, ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు టేపు పట్టండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. అయిదారు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకున్నదే.

కాగితాల సంగతి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరూ, బండి మీద కొట్టిన నంబరూ పెన్సిలుతో అచ్చు తీసి పోల్చండి. రవాణా బండికి 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, బండి వయసు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంజిను మొత్తంగా మార్చాలనుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించాలి. అందుకే నేను వేరే ఇంజిను తేలేదు, ఉన్నదాన్నే విప్పి బాగుచేశాను. తెచ్చేవాళ్లు బిల్లూ, ఆ ఇంజిను ఏ బండిదో చూపించే కాగితమూ లేకుండా తేవద్దు. దొంగబండి ఇంజిను మీ బండిలో దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

పాత సామాను విషయంలో నా లెక్క ఇది: తిప్పేవీ ఆపేవీ కొత్తవి, మోసేవీ మూసేవీ పాతవి. టై రాడ్ ఎండ్లు, బ్రేకు గొట్టాలు, మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్ల రబ్బర్లు, బేరింగులు, ఆయిలు సీళ్లు, టైర్లు కొట్లో కొత్తవే కొనాలి. డోర్లు, బానెట్టు, అద్దాలు, కమాను కట్టలు, వెనక ఇరుసు హౌసింగు, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే జాయింటు షాఫ్టు, రేడియేటరు, సీటు ఫ్రేములు నిక్షేపంగా పాతవి వేసుకోవచ్చు. స్టీరింగు భాగానికి ఎక్కడైనా వెల్డింగు మచ్చ కనపడితే మాత్రం బేరం కూడా ఆడొద్దు.

ఆటోనగర్‌కి వెళ్లేటప్పుడు పాడైన ముక్కని గోనెసంచిలో వేసుకుని వెళ్లండి. మోడల్ పేరు చెప్తే కొట్టువాడు తన దగ్గరున్నదే మీ బండిదంటాడు. ముక్క పక్కన ముక్క పెడితే ఆ మాట రాదు. ఇంకోటి, తుక్కు రేటు వేరు, పార్టు రేటు వేరు. కాటా మీద తూచి ఇచ్చేవాడి దగ్గర ఏరుకునే ఓపిక ఉంటే లాభం. తుడిచి, నూనె రాసి, అరలో పెట్టిన సరుకుకి ఆ తుడిచిన కూలీ కూడా మీ దగ్గరే వసూలవుతుంది. డోరు తీసుకుంటే కీళ్లతో, అద్దంతో, అద్దం నడిచే ఛానల్‌తో సహా తీసుకోండి. వైరింగు తీసుకుంటే కనెక్టర్లతో సహా మొత్తం కట్ట తీసుకోండి. కత్తిరించిన వైర్లు అతుక్కుంటూ కూర్చుంటే ఆ బండికి రాత్రిపూట లైట్లు ఎప్పుడు పోతాయో ఎవరికీ తెలీదు.

మా బండికి వెనక డిఫరెన్షియల్ (షాఫ్టు తిప్పుడుని రెండు వెనక చక్రాలకి పంచే గేర్లు) పోయింది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

దాని లోపలి క్రౌనూ (పెద్ద పళ్లచక్రం) పినియనూ (దాన్ని తిప్పే చిన్నది) ఫ్యాక్టరీలో జతగా అరగదీసినవి. రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. ఒక కొట్లో క్రౌను, ఇంకో కొట్లో పినియను తెచ్చి వేస్తే నెల తిరక్కుండా ఊళకూత మొదలవుతుంది. "ఏవండీ, పళ్లు బానే ఉన్నాయి కదా, నంబర్లతో మనకేం పని?" అన్నాడు ఒక కుర్రాడు. "పని నీకు లేదు నాయనా, నాకుంది" అన్నాను. రేషియో (క్రౌను ఒక చుట్టు తిరగడానికి పినియను ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) కూడా మన బండిదే ఉండాలి. విప్పి ఉంటే పళ్లు లెక్కపెట్టండి: క్రౌనుకి 39, పినియనుకి 8 ఉంటే 39ని 8తో భాగించి 4.87. విప్పకుండా హౌసింగు మొత్తం అమ్మితే చక్రం బిగించే ఒక హబ్బుని కదలకుండా పట్టుకోమని, రెండో హబ్బుని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు బిగించే ఫ్లాంజి మీద ముందే సుద్దగీత పెట్టుకుంటే అది ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. అయిదుకి కొంచెం తక్కువ వస్తే 4.87 దగ్గరిదే.

తర్వాత పళ్ల మీద వేలితో తడమండి. పంటి మధ్యలో అరుగుడు మెరుస్తూ, నున్నగా ఉంటే మంచిది. అంచున గోటికి తగిలే గుంట ఉంటే గట్టిదనం పొర లేచిపోయిందన్నమాట. ఇక బాగుపడదు. బిగించేటప్పుడు పళ్లకి రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యన పడేదాకా షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) మార్చాలి. డయల్ గేజి పెట్టి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) చూస్తే 0.15 నుంచి 0.20 మిల్లీమీటరు మధ్య రావాలి. మీ బండి మాన్యువల్లో ఇంకో అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. ఈ పని తెలిసిన మేస్త్రి చేతే చేయించండి, కూలికి కక్కుర్తి పడొద్దు.

ఇంజిను విప్పకముందే నడుస్తుండగా ఆయిలు మూత తీసి చూడండి. అక్కడ పొగ దబదబా కొడుతుంటే పిస్టను రింగులూ లైనర్లూ (సిలిండరు లోపలి గొట్టాలు) అయిపోయాయి. సైలెన్సర్ నీలం పొగ వదిలితే ఆయిలు మండుతోంది. నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టరు, డీజిలు చిమ్మే నాజిళ్లు ముందు చూడాలి. ఈ 2,523 సీసీ డీఐ ఇంజిను బోరు (సిలిండరు వెడల్పు) 88.9 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 101.6 మి.మీ. అంటే మూడున్నర అంగుళాలు, నాలుగు అంగుళాలు. పాతకాలపు కొలతల ఇంజిను, లేత్ వాళ్లందరికీ చేయి తిరిగిన పని. క్రాంకు షాఫ్టు గ్రైండింగు సైజులు 10, 20, 30 థౌలని (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చెబుతారు. పాత క్రాంకు కొనాల్సి వస్తే మైక్రోమీటరు పెట్టించండి. అప్పటికే 30కి వచ్చినదాన్ని తీసుకుంటే ఆ తర్వాత దానికి గతి లేదు. ఇంజిను హెడ్డుని ఫేసింగుకి (ముఖం చదును చేయడానికి) ఇచ్చే ముందు ప్రెషరు టెస్టు చేయించాలి. వాల్వు సీట్ల మధ్య వెంట్రుకంత బీట కంటికి కనపడదు. డీజిలు పంపూ నాజిళ్లూ మాత్రం టెస్టు బెంచీ ఉన్నవాడికే ఇవ్వండి.

పాత ఆల్టర్నేటరు కొనేటప్పుడు దాని వెనక్కి తిప్పి చూడండి. ఇలాంటి డీజిలు బళ్లలో బ్రేకు బూస్టరుకి గాలి లాగే వాక్యూం పంపు ఆల్టర్నేటరు వెనకే ఉంటుంది. బ్యాటరీ ఛార్జవుతోంది కదా అని పంపు లేనిదో, పంపు అరిగినదో బిగిస్తే పెడలు రాయిలా అవుతుంది. దీనికి పరీక్ష తేలిక. ఇంజిను ఆపి పెడలు నాలుగైదు సార్లు తొక్కి, చివరిసారి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజిను అందుకోగానే పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే పంపు గానీ, గొట్టం గానీ, బూస్టరు గానీ పనిచేయడం లేదు.

బ్రేకు ఆయిలు కొత్త సీసా తెరిచి పోయండి, మూత తీసి ఉంచినది తేమ పీల్చి ఉంటుంది. గాలి తీసేటప్పుడు మాస్టరు సిలిండరుకి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో రండి. వెనక హౌసింగు దగ్గర లోడును బట్టి బ్రేకు సర్దే వాల్వు ఉంటే దాని కడ్డీని తీగతో కట్టేయకండి. చాలా పాత బళ్లకి అలాగే కట్టేసి కనబడుతుంది. ఖాళీ బండి వానలో వెనక్కి తిరిగిపోయేది అందుకే.

టింకరింగు (రేకు పని) గురించి రెండు మాటలు చాలు. అయస్కాంతం అంటుకోని చోటల్లా లప్పమే. క్యాబిన్ నేల రేకు తుప్పు పడితే మంచి ఇనుము తగిలేదాకా కోసి, 18 గేజి రేకు వేయించండి. గ్యాసు వెల్డింగు వేడికి రేకు వంకర్లు పోతుంది, సీఓటూ వెల్డింగే నయం. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగలు ఊడదీయండి, డీజిలు ట్యాంకు దించండి. రెడ్ ఆక్సైడు లోపలి వైపు కూడా పడాలి. రంగు మారిస్తే ఆర్సీలో మార్పించాలి, అందుకే మా అల్లుడు గారు ఆకుపచ్చ వేయిద్దామన్నా నేను తెలుపే వేయించాను. ఫిట్‌నెస్‌కి వెళ్లే ముందు మెరిసే టేపులు ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు వరసలో అంటించాలి.

లైనర్లు మార్చిన ఇంజినుకి మొదటి 1,000 కిలోమీటర్లు సగం లోడే వేయండి. ఒకే స్పీడులో గంటల తరబడి తోలొద్దు. ఆ వెయ్యి తిరగ్గానే ఆయిలూ ఫిల్టరూ మార్చేయండి. తీసిన ఆయిల్లో అయస్కాంతం తిప్పి చూస్తే మెత్తటి పొడి అంటడం మామూలే, పలుకులు అంటితే బండి ఆపి ఇంజిను అడుగున ఆయిలు సంపు విప్పాల్సిందే. వెనక కమాను కట్టల యు-బోల్టులు మొదటి లోడు దించాక ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి బిగించండి. పాత కట్టలు కొత్త చోట సర్దుకున్నాక నట్లు తప్పకుండా వదులవుతాయి.