ఖోఖో పాఠం: 42 మంది పిల్లలు, నలభై నిమిషాలు

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ఒక హైస్కూల్లో నేను పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్ని. పాఠం రాసుకునే ముందు నన్ను నేను అడిగేది ఒకటే: ఈ నలభై నిమిషాల్లో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఎంతసేపు కదులుతారు? 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బడిలో మనకి దొరికేది అందులో కొంచెమే. ఆ కొంచెం కూడా లైన్లో నిలబడటానికే అయిపోతే పిల్లలకి అన్యాయం చేసినట్టే.

ఖోఖోనే చూడండి. పూర్తి కోర్టులో తరిమే జట్టు తొమ్మిది మంది. ఎనిమిది మంది కూర్చుంటారు, ఒకరు తరుముతారు. తప్పించుకునేవాళ్లు ఒకసారికి ముగ్గురు. అంటే 42 మంది ఉన్న ఏడో తరగతిలో ఆటలో ఉండేది పన్నెండు మంది, వాళ్లలో పరిగెత్తేది నలుగురు. మిగిలిన ముప్పై మంది గట్టు మీద కబుర్లు చెప్పుకుంటారు. అందుకే పెద్ద కోర్టు జట్టు ప్రాక్టీసుకి వదిలేయండి. పీరియడ్‌కి ఆరు చిన్న కోర్టులు గీయండి. ఒక్కోదాంట్లో ఏడుగురు: నలుగురు కూర్చునేవాళ్లు, ఒకరు తరిమేవాళ్లు, ఇద్దరు తప్పించుకునేవాళ్లు. ఇప్పుడు ఒకేసారి పద్దెనిమిది మంది పరుగులో ఉంటారు. తరగతి చిన్నదైతే కూర్చునేవాళ్లని తగ్గించండి, పరిగెత్తేవాళ్లని తగ్గించకండి.

స్తంభాలు అక్కర్లేదు. సైకిల్ షాపులో పాత టైర్లు అడిగితే ఇస్తారు. కోర్టుకి రెండు చివర్లా ఒక్కో టైరు నేల మీద పడేస్తే చాలు, పిల్లలు దాని చుట్టూ తిరుగుతారు. ఇటుకలు మాత్రం వద్దు, మోకాళ్లు పగులుతాయి. గీతలకి ముగ్గుపిండి. బెల్లు కొట్టకముందే గ్రౌండంతా ఒకసారి నడిచి రండి. మా పిల్లల్లో చాలామంది వట్టి కాళ్లతో ఆడతారు. పల్లేరు కాయలు, గాజు ముక్కలు ముందు మీ కళ్లకి కనపడాలి.

లక్ష్యం అన్న చోట 'ఖోఖో నేర్పడం' అని రాయకండి. ఒక్క పని రాయండి. నా కాగితం మీద ఇలా ఉంటుంది: వెనక నుంచి చేత్తో తాకి, గట్టిగా 'ఖో' అని, లేచినవాళ్ల చోట కూర్చోవాలి, ఖో వినకముందే లేవకూడదు, లేచాక పట్టిన దిక్కు చివరిదాకా మార్చకూడదు. మధ్య గీత దాటకూడదన్న నియమం వాళ్లకి ముందే తెలుసు. స్తంభం దగ్గర ఒడుపుగా తిరగడం, డైవ్ చెయ్యడం వచ్చే వారం పాఠాలు.

సమయం ఇలా పంచుకోండి. గ్రౌండుకి రావడం, హాజరు, గుంపులు వెయ్యడం: 5 నిమిషాలు. ఒళ్లు వేడెక్కించడం 7. ఖో ఇవ్వడం నేర్పడం 8. ఆట 14. ఒళ్లు చల్లార్చడం 4. నీళ్లు, నాలుగు మాటలు 2.

గుంపులు వెయ్యడంలో చాలా జాగ్రత్త ఉండాలి. ఇద్దరు లీడర్లని నిలబెట్టి ఒక్కొక్కర్నీ ఎంచుకోమంటే, చివర మిగిలిన పిల్ల మొహం ఒకసారి చూడండి. ఆ పద్ధతి మానేయండి. ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టిస్తే చాలు. మా దగ్గర తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా ఇళ్ల పిల్లలు, కొండల మీద నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలు ఒకే తరగతిలో ఉంటారు. వదిలేస్తే ఎవరి గుంపు వాళ్లే కడతారు. 2022లో అల్టిమేట్ ఖోఖో అనే లీగ్ మొదటి ఫైనల్లో ఒడిశా జగర్నాట్స్ జట్టు, తెలుగు యోధాస్ జట్టు మీద 46-45తో గెలిచింది. ఒక్క పాయింటు! ఆ ఆట గురించి పిల్లలకి తప్పకుండా చెప్పండి, వాళ్ల కళ్లు మెరుస్తాయి. గుంపులకి మాత్రం ఆ పేర్లు పెట్టకండి, భాషని బట్టి రెండు పక్షాలవుతారు.

మూడు భాషల పిల్లలకి ఉపన్యాసం పనికిరాదు. అర నిమిషం చెప్పండి, ఇద్దరు పిల్లలతో చేసి చూపించండి. తర్వాత అంతా విజిల్‌తోనే: పొడుగ్గా ఒకటి అంటే ఆగడం, పొట్టివి రెండు అంటే వంతు మారడం.

ఒళ్లు వేడెక్కించడానికి గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టించే అలవాటు నాకు నచ్చదు. రౌండ్లు శిక్షగా వేయించడం అసలే నచ్చదు. పరుగంటే శిక్ష అని ఒకసారి మనసులో పడితే ఆ పిల్లలు మళ్లీ ఇష్టంగా పరిగెత్తరు. కుమార పూర్ణిమ పండక్కి ఒడియా ఆడపిల్లలు ఆడే పుచి ఆటని వాడుకోండి. గొంతుకూర్చుని, లయగా ఒక్కో కాలూ ముందుకి చాపుతూ గెంతడం. తొడలకి, మోకాళ్లకి మంచి పని, పైగా ఖోఖోలో కూర్చుని లేవడానికి కావలసింది అదే. పుచి తెలిసిన ఆడపిల్లలనే ముందు నిలబెట్టి నేర్పించమనండి. మామూలుగా పక్కకి తప్పుకునే పిల్లలు ఆ రోజు తరగతిని నడిపిస్తారు.

ఆటలో రెండు నిమిషాలకో వంతు. మార్పులతో కలిపి పద్నాలుగు నిమిషాల్లో ఐదు వంతులు పడతాయి. ఇద్దరేసి చొప్పున నాలుగు వంతుల్లోనే ఏడుగురూ తప్పించుకునే పని చేసేస్తారు. ఔటైనవాళ్లని బయట కూర్చోబెట్టకండి. పాయింటు లెక్కేసి, ఆట సాగనివ్వండి. ముందు ఔటయ్యేది నెమ్మదిగా పరిగెత్తే పిల్లలే, వాళ్లకే పరుగు ఎక్కువ అవసరం.

ఆరోగ్యం సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మన వైపు కొండ గ్రామాల్లో సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉంది. ఒంట్లో నీరు తగ్గినా, అలసట మితిమీరినా ఆ పిల్లలకి భరించలేని నొప్పులు వస్తాయి. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. జూన్‌లో బడి తెరవగానే ఎవరి దగ్గర కార్డు ఉందో హాస్టల్ వార్డెన్‌నీ, తల్లిదండ్రులనీ విడిగా అడిగి తెలుసుకోండి, తరగతిలో బయటపెట్టకండి. జబ్బున్న పిల్లలు ఎంతవరకు ఆడొచ్చో డాక్టర్ని కనుక్కోండి. ఆడించినప్పుడు మధ్యమధ్య నీళ్లు, అడిగినప్పుడల్లా విశ్రాంతి, ఎందుకని ప్రశ్నించకుండా. జ్వరం తగ్గి కొత్తగా వచ్చినవాళ్లకీ అంతే. నెలసరిలో ఉన్న ఆడపిల్ల ఆడతానంటే ఆడనివ్వండి, వద్దంటే పాయింట్లు రాసే పని ఇవ్వండి. నిర్ణయం తనది.

చివరి రెండు నిమిషాల్లో 'ఎవరు గెలిచారు' అని అడగను. 'ఖో చెప్పకముందే ఎవరు లేచారు?' అంటాను. నవ్వుతూ చేతులెత్తుతారు. పది చేతులు దాటితే వచ్చే పీరియడ్ కూడా అదే పాఠం. కోర్టుకొకరు చొప్పున ఇవాళ తక్కువ కదిలినవాళ్ల పేర్లు నోటుబుక్కులో రాసుకుంటాను. వచ్చేసారి మొదటి తరిమేవాళ్లు వాళ్లే.

వానాకాలానికి రెండో కాగితం సిద్ధంగా ఉంచుకోండి. వరండాలో నలుగురేసి కూర్చుని, పరుగు లేకుండా, ఖో విన్నాక ఎంత త్వరగా లేస్తారో చూడటమే ఆ రోజు పాఠం. బండలు తడిగా ఉంటే అదీ వద్దు, తరగతి గదిలోనే పుచి ఆడించండి.