ఖాళీ పెట్టె ముందు వారం రోజులు

పర్లాకిమిడిలో నాది జిరాక్స్ షాపు. ఇంట్లో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా. మాట్లాడటం బాగానే వచ్చు గానీ, ఒడియాలో దరఖాస్తు రాయమంటే చెమటలు పట్టేవి. మేనల్లుడు నా ఫోన్‌లో ఒక ఏఐ యాప్ వేసి, "దీన్నడుగు మావయ్యా" అన్నాడు. వారం రోజులు తెరవడం, ప్రశ్న టైపు చేసే ఖాళీ పెట్టె చూసి మూసేయడం. తప్పుగా అడిగితే నవ్వుతుందేమోనని టెన్షన్, నిజంగా!

ఆ భయం అది తప్పు చెప్పిన రోజే పోయింది. గజపతి జిల్లా ఎప్పుడు ఏర్పడిందని అడిగితే 1936 అంది. అది ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయిన ఏడు. గంజాం నుంచి మా జిల్లా విడిపోయింది 1992 అక్టోబరు 2న. తప్పని చెప్పగానే సారీ చెప్పి దిద్దుకుంది. మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టుకుంటూ పోతుంది కదా, అందుకే తప్పైనా అంత ధీమా.

అప్పట్నుంచి వివరంగా అడుగుతున్నా. "రేషన్ కార్డులో కోడలి పేరు చేర్చాలి. అధికారికి ఒడియాలో దరఖాస్తు, ఎనిమిది వాక్యాలు దాటకూడదు. కింద తెలుగులో అర్థం రాయి." ఆధార్ నంబరు మాత్రం అందులో కొట్టను, ఆ జాగా ఖాళీగా వదిలి, ప్రింటు తీశాక పెన్నుతో నింపుతాను.

మొదటి దరఖాస్తు పక్క టీ కొట్టాయనకు చూపించా. ఆయన ఇంట్లో మాట్లాడేది ఒడియానే. ఒక్క మాట మార్చి, టీ డబ్బులు అడిగాడు.