సబ్బు మీద 'న్యాచురల్' అని ఉంటే కవర్ వెనక ఏం చూడాలి?

రెండేళ్ల కిందట మా పాపకి మోచేతి మడతల్లో ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఇంట్లో వాడేది వేపాకులు, తేనెచుక్క బొమ్మలున్న సబ్బే కాబట్టి దాన్ని అనుమానించకుండా నెలరోజులు గడిపేశాను. చర్మం డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సబ్బు వాడుతున్నారమ్మా? కవర్ ఉందా?" కవర్ ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయింది. అప్పట్నుంచి ఏ సబ్బు కొన్నా ముందు వెనక్కి తిప్పి చదువుతున్నాను. నేను చూసే వరసలోనే చెబుతాను.

1. అది టాయిలెట్ సోపా, బాతింగ్ బారా?

కవర్ మీద ఏదో ఒక మూల ఈ రెండింట్లో ఒక మాట ఉంటుంది. టాయిలెట్ సోప్ అయితే పక్కనే గ్రేడ్, టీఎఫ్‌ఎం శాతం కూడా వేస్తారు. టీఎఫ్‌ఎం అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం గ్రేడ్ 1కి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి. బాతింగ్ బార్‌కి 40 ఉంటే చాలు. తక్కినదాంట్లో నీళ్లు, టాల్క్ లాంటి పొడులు, కొన్నిట్లో సింథటిక్ డిటర్జెంట్లు ఉంటాయి. పేరున్న కంపెనీల ఖరీదైన సబ్బులు కూడా కొన్ని బాతింగ్ బార్లే. టీఎఫ్‌ఎం ఎక్కువున్నంత మాత్రాన అది సహజమైనదని కాదు, మీ డబ్బుకి ఎంత సబ్బు వస్తోందో మాత్రం తెలుస్తుంది.

2. ఇంగ్రీడియెంట్స్‌లో మొదటి రెండు పేర్లు చదవండి

అక్షరాలు చీమతలకాయల్లా ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. చాలా సబ్బుల్లో మొదట కనిపించేవి సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్. ఒకటి పామాయిల్ నుంచి, రెండోది పామ్ గింజల నూనె నుంచి వచ్చింది. ఏలూరు జిల్లాలోనూ అశ్వారావుపేట వైపూ పెద్దపెద్ద గెలలతో కనిపించే ఆయిల్ పామ్ తోటలదీ ఈ పంటే. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనెది. సోడియం టాలోయేట్ అంటే పశువుల కొవ్వుది, శాకాహారులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కవర్ మీద పచ్చచుక్క ఉందేమో కూడా చూసుకోండి.

ఏ నూనెతో చేసినా కాస్టిక్ సోడా కలపకుండా గట్టి సబ్బుబిళ్ల తయారుకాదు. 100 గ్రాముల కొబ్బరినూనెకి సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నూనె, సోడా కలిసి సబ్బూ గ్లిజరినూ అవుతాయి. సరిగ్గా చేసిన సబ్బులో సోడా మిగలదు, కాబట్టి భయపడక్కర్లేదు. కానీ "కెమికల్స్ లేని సబ్బు" అని ఎవరైనా అమ్మితే, ఇంట్లో చేశామన్నా సరే, ఆ మాట నిజం కాదు.

3. పర్‌ఫ్యూమ్ అన్న మాట ఎక్కడుందో వెతకండి

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. రూల్ ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్నవాటిని బరువును బట్టి పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా రాయాలి. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. సబ్బులో సెంటు మామూలుగా ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి వేప, తులసి, కలబంద, బాదం పర్‌ఫ్యూమ్ తర్వాత కనిపిస్తే అవి ఆ శాతం దగ్గరో ఇంకా తక్కువో ఉన్నాయనుకోవచ్చు. 100 గ్రాముల బిళ్లలో ఒక శాతం అంటే ఒక్క గ్రాము. ఆ గ్రాము నెలంతా అరగాలి, ఒంటి మీద నిమిషం ఉండి నీళ్లతో పోవాలి.

షాపులో ఒక పని చేసి చూడండి. ఒకే కంపెనీవి వేప సబ్బు, గులాబీ సబ్బు, నిమ్మ సబ్బు మూడూ పక్కపక్కన పెట్టండి. చాలాసార్లు మొదటి నాలుగైదు పేర్లు అవే ఉంటాయి. కారణం ఏంటంటే, ఫ్యాక్టరీలో ముందు తెల్లటి సబ్బు గుళికలు తయారవుతాయి. వాటిని సోప్ నూడుల్స్ అంటారు. వాటికి రంగు, సెంటు, పిసరంత మూలిక కలిపి, రోలర్లలో నలిపి, అచ్చు కొడతారు.

రంగు చూసి కూడా కొంత పట్టుకోవచ్చు. పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తాం కదా, ఎర్రబడుతుంది. పసుపు మరక మీద సబ్బు రాసినా అంతే. సబ్బుకీ సున్నంలాగే క్షారగుణం ఉంది. అందుకే "పసుపు సబ్బు" నిమ్మపండులా మెరుస్తుంటే ఆ రంగు పసుపుది కాదనే అనుకుంటాను. వెనక సీఐ అన్న అక్షరాల పక్కన అయిదంకెల నంబరు ఉంటుంది, రంగు పేరు అదే. వేపనూనె కూడా అంతే. అది గోధుమరంగులో ఉంటుంది, వాసన ఘాటు. ఆకుపచ్చగా, పూలవాసనతో ఉన్న సబ్బులో వేప ఎంతుందో మీరే ఊహించుకోండి.

4. ఆయుర్వేద సబ్బయితే లెక్క వేరు

వీటి మీద "ప్రతి 100 గ్రాములలో" అని మూలికల పేర్లు, బరువులు ఇస్తారు. నింబ అంటే వేప, హరిద్ర అంటే పసుపు, కుమారి అంటే కలబంద. అంకెల పక్కన మిల్లీగ్రాములా, గ్రాములా చూడండి. అన్నీ కూడండి. చివర్లో సోప్ బేస్ అని, పక్కన క్యూ.ఎస్. అని ఉంటుంది. "సరిపడినంత" అని దానర్థం. మూలికలు పోగా మిగిలిన బిళ్లంతా ఆ సరిపడినంతలోనే ఉంది.

5. 'ఫ్రీ' మాటలకి పడిపోకండి

పారాబెన్ ఫ్రీ, సల్ఫేట్ ఫ్రీ అని పెద్దక్షరాలు ఉంటాయి. పారాబెన్లు సరుకు పాడవకుండా వేసేవి, సల్ఫేట్లు నురగ కోసం వేసే డిటర్జెంట్లు. నీళ్లు తక్కువగా ఉండే మామూలు సబ్బుబిళ్లలో వీటి అవసరం సాధారణంగా ఉండదు.

6. మీ చర్మానికి పడుతుందో లేదో చూసుకోండి

సహజమైనదంతా మెత్తగా ఉంటుందని నేనూ నమ్మాను. నిమ్మ, లావెండర్ నూనెల్లో సహజంగానే ఉండే లిమొనీన్, లినలూల్ కొందరికి అలర్జీ తెస్తాయి. పీహెచ్ అంటే క్షారగుణాన్ని, పులుపుని కొలిచే అంకె, 7 దాటితే క్షారం. అసలు సబ్బు ఏదైనా దాని పీహెచ్ సుమారు 9, 10 మధ్య ఉంటుంది, మన చర్మానిది 5 దగ్గర. మా పాపకి డాక్టరు రాసింది అసలు సబ్బు కానే కాని ఒక బార్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ అనే మెత్తటి సింథటిక్ డిటర్జెంట్‌తో చేసింది. నోరు తిరగని ఆ పేరున్నదే తన చర్మానికి పడింది. పొడిచర్మం, ఎగ్జిమా ఉన్నవాళ్లు "అన్‌సెంటెడ్" అన్నది కాకుండా "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అని ఉన్నది వెతకండి, ఎందుకంటే మొదటిదాంట్లో వాసనని కప్పడానికి వేరే సెంటు వేయవచ్చు. కొత్త సబ్బుని వారంపాటు మోచేతి మడతలో మాత్రమే వాడి చూశాకే ఒళ్లంతా రాయండి.

7. కవర్ దాచండి, అవసరమైతే ఫిర్యాదు చేయండి

న్యాచురల్, ఆర్గానిక్ లాంటి మాటలకి తగిన వివరణ, ఆధారం ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి "ఇందులో వేప ఎంత శాతం?" అని రాసి అడగండి. జవాబు రాకపోతే, అబద్ధమనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ అడుగుతారు కాబట్టి కవర్‌ని నాలుగువైపులా ఫొటో తీసి ఉంచుకోండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ కవర్లు బాత్రూమ్ అలమరలో ఒక డబ్బాలో ఉంటాయి, సబ్బు అరిగిపోయాకే పారేస్తాం.