జట్టు పేరు, లోగో రిజిస్టర్ చేయించడం ఎలా? ముందు ఆ లోగో ఎవరిదో తేల్చుకోండి

లా చదువుతున్నానని తెలిసి చుట్టుపక్కల కబడ్డీ, క్రికెట్ జట్ల వాళ్లు ట్రేడ్‌మార్క్ కాగితాలు పట్టుకొని నా దగ్గరకు వస్తుంటారు. ఫారం చక్కగానే నింపుతారు. లోగో హక్కు రాయించుకున్న కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

కావలసినవి: పాన్, చిరునామా రుజువు, లోగో ఫైలు, డిజిటల్ సిగ్నేచర్, ఫీజు. అంతే.

ముందు దరఖాస్తు ఎవరి పేరు మీదో తేల్చండి. ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (సరుకులను, సేవలను విభజించిన వర్గానికి) వ్యక్తి పేరు మీద అయితే 4,500 రూపాయలు, సొసైటీ పేరు మీద అయితే 9,000. సగం మిగులుతుందని కెప్టెన్ పేరు మీద వేసేస్తారు. రేపు ఆయన జట్టు వదిలి వెళితే పేరు కూడా ఆయనతోనే పోతుంది. క్లబ్బును సొసైటీగా రిజిస్టర్ చేయించి, దాని పేరు మీదే వేయండి.

తర్వాత పేరు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో వెతకండి. తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి నాలుగు రకాలుగానూ వెతకాలి. ఊరి పేరు, ఆట పేరు, చివర ‘లీగ్’ అని పెడితే, అది వర్ణనే తప్ప ప్రత్యేకమైన పేరు కాదని ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం ఖాయమనుకోండి. సన్‌రైజర్స్, టైటాన్స్ లాంటి పేర్లకు ముందో వెనకో ఇంకో మాట తగిలించే ఆలోచన మానుకోండి. క్రీడాకారుడి పేరు పెట్టాలంటే అదే చట్టం సెక్షన్ 14 చూడాలి. ఆ వ్యక్తి బతికి ఉన్నా, చనిపోయి 20 ఏళ్లు నిండకపోయినా సమ్మతి పత్రం తెమ్మని రిజిస్ట్రార్ అడగవచ్చు. 1942లో కన్నుమూసిన మల్లయోధుడు కోడి రామమూర్తి గారి పేరుకు ఆ ఇబ్బంది రాదు.

తరగతి: పోటీలు నిర్వహించడం, ఆడడం 41వ తరగతి కిందికి వస్తాయి. జెర్సీలు, టోపీలు అమ్మితే 25వ తరగతి కూడా తీసుకోండి. మీ ఆటగాళ్లు వేసుకోవడానికే అయితే 25 అక్కర్లేదు. పేరుకు ఒక దరఖాస్తు, లోగోకు ఒకటి విడిగా వేయాలి. రెండూ కలిపి ఒకే బొమ్మగా వేసేవాళ్లుంటారు. రెండేళ్లకు లోగో మారుస్తారు, అప్పుడు పాత రిజిస్ట్రేషన్‌తో పేరును కాపాడుకోవడం కష్టమవుతుంది. డబ్బు ఒకదానికే ఉంటే పేరుకే వేయండి.

ఇక అసలు చిక్కు. లోగో గీసినందుకు డబ్బులిచ్చాం కాబట్టి అది మాదే అంటారు. చట్టం అలా అనదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం బొమ్మకు మొదటి హక్కుదారు దాన్ని గీసినవాడు. జీతం తీసుకుని ఉద్యోగంలో భాగంగా గీస్తే యజమానికి చెందుతుంది. మీరు లోగో గీయించుకున్న కుర్రాడు మీ ఉద్యోగి కాడు. ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్ వచ్చాక కూడా ఆ బొమ్మ మీద కాపీరైట్ అతని దగ్గరే ఉండవచ్చు. జట్టుకు స్పాన్సర్ దొరికిన రోజున అతను వచ్చి అడిగితే మీ దగ్గర సమాధానం ఉండదు.

అందుకే హక్కుల బదిలీ పత్రం రాయించుకోవాలి. సెక్షన్ 19 ప్రకారం అది రాతపూర్వకంగా ఉండాలి, గీసినవాడి సంతకం ఉండాలి. వాట్సాప్‌లో ‘ఓకే అన్నా, వాడుకోండి’ అన్న మెసేజీని నమ్ముకోవద్దు. ‘లోగో హక్కులన్నీ ఇచ్చేశాను’ అని ఒక్క వాక్యం రాయించుకుని ఊరుకోవడం అంతకంటే ప్రమాదం. కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే అని చట్టం లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఏడాదిలోగా వాడని హక్కు, పత్రంలో వేరుగా రాసుకోకపోతే, వెనక్కి పోతుంది. ఆరో ఏడు మీ జెర్సీ మీది బొమ్మ మళ్లీ అతనిదే అవుతుంది.

కాబట్టి పత్రంలో లోగోనే ముద్రించండి, వర్ణన చాలదు. ఏయే హక్కులు ఇస్తున్నాడు, ఎంత డబ్బు ముట్టింది, ‘కాపీరైట్ ఉన్నంత కాలం’, ‘ప్రపంచమంతటా’, ‘ఏడాదిలో వాడకపోయినా హక్కు పోదు’, మార్పులు చేసుకునే హక్కు: ఇవన్నీ విడివిడిగా రాయించండి. గీసింది తానేనని, ఎక్కడి నుంచీ ఎత్తుకురాలేదని కూడా రాయించండి. డిజైన్ యాప్‌లోని రెడీమేడ్ సింహం బొమ్మ అయితే ఆ పత్రానికి విలువే లేదు, అదే సింహం ఇంకో పది జట్ల దగ్గర ఉంటుంది. ఇన్ని రాయించుకున్నా గీసినవాడిగా గుర్తింపు పొందే హక్కు సెక్షన్ 57 కింద అతనికే ఉంటుంది. అతని పేరు చెప్పడానికి సంకోచించకండి, అది అతని కష్టం. చివరి విడత డబ్బు సంతకం అయ్యాకే ఇవ్వండి.

మిగిలింది తేలిక. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫారం టీఎం-ఏ నింపి ఆన్‌లైన్‌లో వేయండి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తాయి. తెలుగు లిపిలో పేరు ఉంటే ఇంగ్లిషు లిప్యంతరీకరణ, అర్థం ఇవ్వాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో రాస్తే అఫిడవిట్, పాత కరపత్రాలు, బిల్లులు జతచేయాలి. రుజువు లేని తేదీ రాయకండి.

దరఖాస్తు వేశాక ‘టీఎం’ అని పెట్టుకోవచ్చు. వృత్తంలో ‘ఆర్’ గుర్తు సర్టిఫికెట్ వచ్చేదాకా జెర్సీ మీద వేయించకూడదు, అది చట్టవిరుద్ధం. రిజిస్ట్రీ దరఖాస్తును పరిశీలించి పంపే పరీక్షా నివేదిక అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్ట్రీ ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. నోటీసులు ఈ-మెయిల్‌కే వస్తాయి కాబట్టి దరఖాస్తులో ఏజెంటుది కాకుండా క్లబ్బు ఈ-మెయిలే ఇచ్చి, పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు సభ్యుల దగ్గర ఉంచండి. పదేళ్లకోసారి వచ్చే రెన్యూవల్ తేదీ కూడా వాళ్లే గుర్తుపెట్టుకోవాలి.